ఏడో మెట్టు దాటితే నెట్టు లేదు

జోగులు ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఫెర్రీ బోటు సరంగుగా పనిచేశాడు. అంత సర్వీసులోనూ ఆయనకి వచ్చింది ఒకే ఒక్క మెమో. అందులో తప్పంతా సముద్రానిదే. కానీ సముద్రం ప్రభుత్వోద్యోగి కాదు కాబట్టి సంజాయిషీ జోగులు ఇచ్చుకోవలసి వచ్చింది.

హోప్ టౌన్‌కి ఎదురుగా, హార్బరు నీళ్ళకి అవతల, పోర్ట్ బ్లెయిర్ ఉంటుంది. జోగులు తండ్రి శ్రీకాకుళం నుంచి కలప పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. జోగులు పుట్టింది, పెరిగింది, ఎరుకమ్మని పెళ్ళాడింది అన్నీ ఈ ఒడ్డునే. ఆయన జీవితంలో బోటు నడిపిన దూరమంతా కలిపితే భూమిని ఏడెనిమిది చుట్లు చుట్టి రావచ్చు. అయితే ఆ చుట్లన్నీ ఈ జెట్టీకీ ఆ జెట్టీకీ మధ్య నాలుగు కిలోమీటర్లలోనే తిరిగాడు. ఇంకో దేశం మాట అటుంచి, ఇంకో హార్బరు కూడా చూడలేదు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున బోటు హోప్ టౌన్ జెట్టీకి కట్టేసి ఉంది. భూమి కదిలింది. జెట్టీ మంచంలా ఊగింది. జోగులు నీళ్ళకేసి చూశాడు, తన కింద పనిచేసే మల్లేశుకేసి చూశాడు, "తాడు కోసీయ్" అన్నాడు. ఎక్కి కూర్చున్న పదకొండు మందితో బోటుని నడి హార్బరుకి, లోతు నీళ్ళలోకి, తీసుకుపోయి అక్కడే నిలిపాడు. పెళ్ళికి వెళుతున్న ఒకాయన, టైము కాకుండా బోటు తీస్తావా అని తిట్ల దండకం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేలోగా జెట్టీ స్తంభాల కాళ్ళు బయటపడేలా నీళ్ళు వెనక్కి పోయాయి. అవి తిరిగి వచ్చినప్పుడు జెట్టీయే మునిగిపోయి కనపడలేదు. 

పదకొండు మందీ బతికారు. వారం తర్వాత ఆఫీసు వారు అడిగిన మొదటి ప్రశ్న, వాళ్ళకి టికెట్లు కొట్టారా లేదా అని.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. ఆ కుదుపుకి ఆ ప్రాంతమంతా నిలువునా కిందికి కుంగిపోయింది. జెట్టీకి పది మెట్లు, కింది నుంచి లెక్క. పెద్ద పోటుకి కూడా నీళ్ళు నాలుగో మెట్టు దాటి ఎరగవు. ఇప్పుడు ఎనిమిదో మెట్టు ఎక్కుతున్నాయి. పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చి కొబ్బరి చెట్లు నిలబడే ఎండిపోయాయి. ఇది చూడని మనిషి హోప్ టౌన్‌లో లేడు. చూడనిదల్లా ఆటుపోట్ల పట్టిక ఒక్కటే. అది ఎప్పటి లెక్కలతోనో అచ్చయి, గోడకి మేకు మీద వేలాడుతూ, సముద్రం నాలుగో మెట్టు దగ్గరే ఆగుతుందని ప్రతిరోజూ హామీ ఇస్తూ ఉండేది.

పట్టికని నమ్మితే బోటు అడుగు మెట్లకి కొట్టుకుంటుందని జోగులుకి తెలుసు. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఏ వేళకి నీళ్ళు ఎన్నో మెట్టు మీద ఉన్నాయో తనే రాసుకోవడం మొదలుపెట్టాడు. 2006లో ఒక అమావాస్యనాడు ఎనిమిదో మెట్టు మునిగి ఉంటే, బోటుని గట్టుకి ఆనించకుండా నలభై నిమిషాలు బయటే ఆపాడు. బోటులో ఒక అధికారి ఉన్నాడు. ఆయన మీటింగు తప్పింది. మూడో రోజున మెమో వచ్చింది. ప్రచురించిన పట్టిక ప్రకారం మెట్లు పొడిగా ఉండగా, అకారణంగా జాప్యం చేశారని దాని సారాంశం.

"పట్టికలో పొడిగా ఉన్నాయంట, మెట్లు" అన్నాడు జోగులు, ఇంట్లో మెమో చదివించుకుని.

"మరైతే ఆ ఆఫీసరుని పట్టిక మీద దిగమనాల్సింది" అంది ఎరుకమ్మ.

రెండేళ్ళ తర్వాత రిటైరయ్యాడు. శాలువా కప్పారు. ఫైల్లో మెమో ఉంది కనక మంచి సేవకి ఇచ్చే కాగితం మాత్రం ఇవ్వలేదు. జోగులు ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. కానీ నోటు పుస్తకం రాయడం మానలేదు. బోటు లేని సరంగు పొద్దున్నే, జెట్టీ ఎదురుగా మెరక మీదున్న తన ఇంటి వరండాలో కూర్చుని మెట్లు లెక్కపెట్టుకోవడం చూసి, ఇరుగుపొరుగు వాళ్ళు మనిషికి మతి తేడా చేసిందనుకున్నారు.

2010లో హోప్ టౌన్‌కి వైమాక్స్ వచ్చింది.

తెచ్చినది జలతరంగ్ అనే ఒక కంపెనీ. హార్బరు అవతల, పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేట వైపు ఎత్తు మీద టవరు కట్టారు. అక్కడి నుంచి ముప్ఫై కిలోమీటర్ల దాకా తీగ అన్నది లేకుండా ఇంటర్నెట్ అందుతుందని, ఇంట్లో కూర్చున్నవాడికీ దారిన పోయేవాడికీ ఒకేలా అందుతుందని కరపత్రాలు పంచారు. హోప్ టౌన్ నాలుగు కిలోమీటర్లే. ఇంత దగ్గరగా ఉండటం కంపెనీకే కొంచెం నామోషీ అన్నట్టు మాట్లాడారు.

పంచాయతీకి ఒక సమాచార కేంద్రం మంజూరైంది. పంచాయతీ భవనం సునామీలో పోయింది, కొత్తది కట్టడానికి పునాది రాయి పడింది, రాయి తర్వాత ఇంకేమీ పడలేదు. అందుకని టవరు ఎదురుగా కనిపించే జోగులు ఇంటి మీద సిగ్నల్ అందుకునే డబ్బా బిగించి, ముందు గదిలో కంప్యూటరు పెట్టారు. బీకాం చదివి ఖాళీగా ఉన్న ఆయన కూతురు హేమమాలినిని ఆపరేటరు చేశారు. కుర్రకారుకి పరీక్ష ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు, ద్వీపవాసి సర్టిఫికెట్లు అన్నీ ఇకమీదట బోటెక్కకుండానే అవుతాయన్నారు.

కంపెనీ వాళ్ళు అష్టమినాడు వచ్చి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరీక్షించారు. అద్భుతంగా పనిచేసింది. అష్టమినాడు ప్రారంభోత్సవం బాగుండదని ఎవరో అంటే పున్నమికి పెట్టుకున్నారు. పొద్దున ఎనిమిదిన్నరకి పెద్దాఫీసరు మీట నొక్కాడు, పేజీ తెరుచుకుంది, ఫొటోలు తీశారు. ఉపన్యాసం జరుగుతుండగా ఎరుకమ్మ పక్కావిడతో, "తీగ నేకపోతే మరి దేన్ని పట్టుకుని ఒత్తాదంట?" అని కొంచెం గట్టిగానే అడిగింది. పెద్దాఫీసరు అది చమత్కారమనుకుని నవ్వాడు. తొమ్మిదింటి బోటుకి అందరూ వెళ్ళిపోయారు. తొమ్మిదింబావుకి నెట్ వెళ్ళిపోయింది.

హేమమాలిని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసింది. ఎక్కడో ఢిల్లీ పక్క నుంచి ఒక అమ్మాయి తీయని గొంతుతో మిషను ఆపి, తిరిగి వేయమంది. ఆపి వేసింది. మళ్ళీ ఆపి వేయమంది. తర్వాత, "మీకూ టవరుకీ మధ్య ఏముంది మేడమ్?" అని అడిగింది.

"సముందర్ హై."

"అడ్డంకి ఏదైనా ఉంటే తొలగించుకునే బాధ్యత కస్టమరుదే మేడమ్. ఇంకా ఏమైనా సహాయం కావాలా?"

హేమమాలిని ఫోన్ పెట్టేసి తండ్రికేసి చూసి, "నాన్నా, సముద్రం కొంచెం పక్కకి జరపాలంట" అంది.

ఆ తర్వాత మెకానిక్కులు రావడం మొదలైంది. నెట్ పొద్దున తొమ్మిది ప్రాంతాల పోయేది. ఫిర్యాదు అందుకున్న మెకానిక్కు పదింటి బోటుకి దిగేవాడు. చూస్తే నిజంగానే లేదు. వైరు మార్చేవాడు. పదకొండున్నరకల్లా నెట్ వచ్చేది. "దేఖా?" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని, టీ తాగి పోయేవాడు. మర్నాడు మళ్ళీ పోయేది. రెండోవాడు వచ్చి అడాప్టరు మార్చాడు. పన్నెండింటికి వచ్చింది. మూడోవాడు డబ్బానే మార్చాడు. ప్రతివాడూ తనే బాగుచేశానని మనస్ఫూర్తిగా నమ్మాడు, ముందు వచ్చినవాడు చేతకానివాడని కూడా నమ్మాడు.

నాలుగోవాడు ఇవేవీ కావని, పక్కనున్న పనస చెట్టు టవరుకి అడ్డమని తేల్చాడు. ఎరుకమ్మ ఆ చెట్టుని కాపురానికి వచ్చిన ఏడు పాతింది. సునామీకి కూడా చలించని చెట్టు అది. ఆవిడ చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. పంచాయతీ వాళ్ళు వచ్చి, ఊరి అభివృద్ధి అంతా ఒక్క పనస చెట్టు దగ్గర ఆగిపోయిందని బతిమాలారు. ఆఖరికి ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. చెట్టు నేలకూలిన అయిదు నిమిషాలకి కంప్యూటరు మీద పచ్చ దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పొద్దున పదకొండూ నలభై.

మర్నాడు పది గంటలకి దీపం ఆరిపోయింది.

"ఇది వైమాక్సు కాదు, అమాసు" అంది ఎరుకమ్మ.

కోపంలో అన్న మాటే గానీ జోగులు అక్కడ ఆగిపోయాడు. నిన్ననే అమావాస్య. కూతురు "పోయింది" అని అరిచినప్పుడల్లా తన కళ్ళు అలవాటుగా ఎక్కడుంటున్నాయో ఆయనకి గుర్తొచ్చింది. మెట్ల మీద. నోటు పుస్తకం తెచ్చి కూతురి ఫిర్యాదుల కాగితాల పక్కన పెట్టాడు. పున్నమికి, అమావాస్యకి నెట్ పోతోంది. అష్టమికి రోజంతా ఉంటోంది. పోయే వేళ రోజుకి ముప్పావు గంట, గంట చొప్పున ఆలస్యమవుతోంది. పోయిన ప్రతిసారీ నీళ్ళు ఏడో మెట్టు ఎక్కి ఉన్నాయి.

"ఒలే హేమా, రేపు పదీ యాభైకి పోతాది. ఒంటిగంట దాటినాక ఒత్తాది."

"నాన్నా, మజాక్ చెయ్యకు."

మర్నాడు పదీ యాభై రెండుకి పోయింది. ఆ రెండు నిమిషాల తేడాకి గాలి కారణమని జోగులు చెప్పుకున్నాడు.

అప్పటి నుంచి కేంద్రం చక్కగా నడిచింది. "ఏడో మెట్టు మునగక ముందే రండి" అని హేమమాలిని తలుపు మీద హిందీలో రాసి పెట్టింది. ఊళ్ళో వాళ్ళకి ఇందులో వింతేమీ కనపడలేదు. పడవైనా వలైనా పోటూ పాటూ చూసుకునే కదిలేది, ఇంటర్నెట్‌కి మాత్రం వేరే రూలేమిటి? వింతగా తోచింది కంపెనీకి. ఫిర్యాదులు హఠాత్తుగా ఆగిపోయేసరికి అనుమానం వచ్చి ఒక ఇంజనీరుని పంపింది.

ఆయన పేరు ఫణికుమార్, రాజమండ్రి అబ్బాయి, ద్వీపాలకి వచ్చి నాలుగు నెలలు. తలుపు మీద రాసింది చదివి నవ్వాడు. జోగులు చెప్పినదంతా విని ఇంకొంచెం మర్యాదగా నవ్వాడు.

"అంకుల్, మాది రేడియో తరంగం. మీరు చెప్పేది సముద్ర తరంగం. రెండింటికీ పేరులోనే పోలిక."

"అలాగే బాబూ. పదిన్నరకి పోతాది. టీ తాగి సూడు."

పదీ ఇరవై ఎనిమిదికి పోయింది. ఫణికుమార్ వైరు పట్టుకోబోయాడు. "అది ముట్టుకోకు బాబూ. ముట్టుకుంటే నువ్వే బాగుసేసినట్టయిపోతాది" అన్నాడు జోగులు. ఫణికుమార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. గంట గడిచింది, రెండో గంట గడుస్తోంది. నీళ్ళు ఏడో మెట్టు దిగాయి. లోపల్నుంచి హేమమాలిని "ఆ గయా!" అని కేకేసింది.

ఫణికుమార్ చాలాసేపు హార్బరుకేసి చూశాడు. కాలేజీలో ఎప్పుడో పరీక్ష కోసం చదివి, పరీక్షతోనే వదిలేసిన పాఠం ఒకటి గుర్తుకొచ్చింది. టవరు నుంచి తరంగం డబ్బాకి తిన్నగా ఒకటి వస్తుంది. నీళ్ళ మీద పడి, అద్దం మీద పడ్డట్టు ఎగిరి, ఇంకొకటి వస్తుంది. రెండూ కలిసి వస్తే బలం. నీళ్ళు పెరిగి రెండో దాని దారి మారితే, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇదంతా ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు.

"అంటే ఎండ తళుకులాటిది" అన్నాడు జోగులు.

"అలాంటిదే."

"మరి దానికింత కట్టమేటి? అందరూ ఎండకి పైన సెయ్యి అడ్డం పెడతారు. సరంగు కింద పెడతాడు." జోగులు అరచెయ్యి కళ్ళ కింద, బుగ్గలకి ఆనించి చూపించాడు. "నీళ్ళ మీంచి వొచ్చీ తళుకు కొట్టకుండా. టవరు కనపడాల, నీళ్ళు కనపడకూడదు. మీ డబ్బాకి కూడా అంతే సెయ్యి."

పెరట్లో రేకులున్నాయి. సునామీ తర్వాత ఇళ్ళు పోయినవాళ్ళని ఉంచడానికి వేసిన షెడ్ల రేకులవి. వాటి కింద కాపురమున్న వాళ్ళు ఎండాకాలంలో చెట్ల కిందే ఎక్కువ ఉండేవారు. ఒక రేకు తీసి, డబ్బా కింద ముందుకి చాపుకుని ఉండేలా ఇద్దరూ కలిసి బిగించారు. ఎరుకమ్మ కింద నిలబడి, నిచ్చెన పట్టుకోకుండా సలహాలు చెప్పింది. తర్వాత వచ్చిన పున్నమికి నీళ్ళు ఎనిమిదో మెట్టు ఎక్కాయి. పచ్చ దీపం కదలలేదు. ఎరుకమ్మ దీపాన్ని చూసి, కిటికీలోంచి పనస మొద్దుని చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు జోగులుకి ఆలస్యంగా అన్నం పెట్టింది.

ఫణికుమార్ మంచివాడు. రిపోర్టులో జోగులు పేరు రాశాడు. పై అధికారి అది కొట్టేశాడు. రిటైరైన బోటు డ్రైవరు పేరు సాంకేతిక నివేదికలో బాగుండదన్నాడు. రేకు అన్న మాట కూడా తీసేసి, 'సముద్రతల ప్రతిఫలన నియంత్రణ ఫలకం' అని రాయించాడు. ఆ ఫలకం మీద మాట్లాడటానికి ఆయనే ఢిల్లీ సదస్సుకి వెళ్ళి, మెడలో దండతో తిరిగి వచ్చాడు. ఈ సంగతి చెప్పడానికి ఫణికుమార్ పని కట్టుకుని బోటెక్కి వచ్చి, తల దించుకుని కూర్చున్నాడు.

"పోనీ బాబూ. దండ నాకేటికి" అన్నాడు జోగులు. "నాకో కాయితం ఇప్పించు సాలు. రేకు కట్టక ముందు ఒక నెల్లాళ్ళు నెట్టు ఎప్పుడు పోయిందో మీ మిషను రాసుకుంటాది గదా. అది."

కాగితం వచ్చింది. గీత పడిపోయిన ప్రతిచోటా జోగులు తన నోటు పుస్తకంలోని మెట్టు నంబరు వేసుకున్నాడు. సముద్రం మెట్లెక్కుతోందని తనొక్కడే అనడం లేదు, ఇప్పుడు మిషను కూడా అంటోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పాత ఆఫీసుకి వెళ్ళి, మెమో రద్దు చెయ్యమని అర్జీ పెట్టాడు.

అక్కడి అధికారి కొత్తవాడు, ఓపికమంతుడు. అంతా చూశాడు. పాత ఫైలు కూడా తెప్పించాడు.

"మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ సహీ" అన్నాడు. "మేం కూడా పట్టిక మార్చేశాం కదా. 2007 జనవరి నుంచి ఎనిమిదో మెట్టే అమల్లో ఉంది."

జోగులు మొహం విప్పారింది. "అయితే మెమో తీసేత్తారా సార్?"

"కైసే? మెమో 2006ది. ఆ తేదీకి పాత పట్టిక అమల్లో ఉంది. ఆ రోజు వరకూ సముద్రం రికార్డు ప్రకారం నాలుగో మెట్టు దగ్గరే ఉంది."

"సార్, ఆ రోజు నా బోటు కింద ఉన్న నీళ్ళు మరెక్కడివి?"

అధికారి నిజంగానే ఆలోచించాడు. ఆయన చెడ్డవాడు కాదు. "అవి ఉండొచ్చు భయ్యా. కానీ అనుమతి లేకుండా ఉన్నాయి" అన్నాడు.

జోగులు ఇంటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు. హేమమాలిని కూడా నవ్వింది. ఎరుకమ్మ నవ్వలేదు. ఆయన ఇస్త్రీ చొక్కా విప్పి, వంకెకి తగిలించకుండా పెట్టె అడుగున పెట్టేయడం ఆవిడ చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారిగా గంట ముందే అన్నం వడ్డించింది.

రెండు రోజులు ఆయన వరండాలోకి రాలేదు. మూడో రోజు హేమమాలిని బలవంతాన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఓడలు ఎక్కడెక్కడున్నాయో చూపించే పటం ఒకటి తెరిచింది. సముద్రం మీద చిన్న చిన్న రంగు గుర్తులు. గుర్తు మీద నొక్కితే ఓడ పేరు, ఏ రేవు నుంచి ఏ రేవుకో తెలుస్తుంది. ఏడెనిమిది భూప్రదక్షిణలు నాలుగు కిలోమీటర్లలో పూర్తిచేసిన మనిషి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. విశాఖపట్నం. సింగపూర్. ఎక్కడో రాటర్‌డామ్ అట. ఆ పేరు పలకడానికి ఆయనకి వారం పట్టింది.

ఇక అదే వ్యాపకం. కేంద్రానికి ఎవరూ రాని వేళ ఒంటివేలితో నొక్కుకుంటూ కూర్చునేవాడు. వైజాగులో ఓడ తాడు విప్పిందంటే హోప్ టౌన్‌లో మొదట తెలిసేది ఆయనకే. నడిసముద్రంలోకి వచ్చాక, ఒడ్డుకి అందక, గుర్తు పటం మీంచి మాయమయ్యేది. అప్పుడు గాలి చూసి, మబ్బు చూసి, "ఎల్లుండి మజ్జాన్నం" అనేవాడు. ఓడల ఆఫీసు బోర్డు మీద ఇంకో టైము ఉండేది. జనం బోర్డు చదివి వచ్చి జోగులుని అడిగేవారు.

జలతరంగ్ మూడేళ్ళే మోగింది. 2013లో ఒక ఉత్తరం వచ్చింది. మరింత ఆధునికమైన సాంకేతికతకి మారుతున్నందున సేవలు నిలిపివేస్తున్నామని అందులో ఉంది. కంపెనీ దేనికీ మారలేదు, మూతపడింది. ఫణికుమార్ హైదరాబాద్ వెళ్ళిపోతూ ఫోన్ చేసి, వేరే ఉద్యోగం దొరికిందని, అక్కడ చూద్దామన్నా సముద్రం లేదని చెప్పాడు. హేమమాలినికి, ఆ డబ్బాలోంచే పంపిన దరఖాస్తు ఒకటి పనిచేసి, రంగత్‌లో ఒక బళ్ళో కంప్యూటరు టీచరుగా పోస్టు వచ్చింది. అక్కడ ఇరవై కంప్యూటర్లున్నాయి, నెట్ లేదు. ఇంటర్నెట్ ఎలా ఉంటుందో కొన్నేళ్ళపాటు పిల్లలకి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పింది.

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. ఎరుకమ్మ చేతికి కూడా ఒక ఫోన్ వచ్చింది. అందులో కూతురు ముక్కలు ముక్కలుగా కాకుండా మనిషిలా కనపడింది. జోగులుకి అప్పటికి డెబ్బై దాటాయి. ఓడల పటం ఇప్పుడు ఆయన జేబులోనే ఉంటుంది. ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఉంటుంది. అయినా గవరమ్మ గారి మనవడు పెళ్ళి సామాను కోసం, కొట్టు గురునాథం సరుకు కోసం, వచ్చి ఆయన్నే అడుగుతారు. ఫోన్ చూడకుండా, హార్బరు నోరున్న తూర్పుకేసి కాసేపు చూసి, ఆయనేదో ఒక రోజు చెబుతాడు. అయిదుసార్లకి నాలుగుసార్లు సరిపోతుంది.

మొన్న వానల్లో పది రోజులు ఓడ రాలేదు. ఊళ్ళో ఉల్లిపాయ కనపడలేదు. పదకొండో రోజున జోగులు వరండాలోంచి, "ఒత్తంది! రేపు పొద్దున్నకి హార్బర్లో ఉంటాది" అని కేకేశాడు.

ఎరుకమ్మ వంటింట్లోంచే అడిగింది. "ఉల్లిపాయలున్నాయో నేదో సూసి సెప్పు."

జోగులు పటం పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. ఓడ పొడవు ఉంది, వెడల్పు ఉంది, జెండా ఏ దేశానిదో ఉంది.

"అది సూపించదే" అన్నాడు.

"మరి దేనికది?" అంది ఎరుకమ్మ, చారు తాలింపు వేస్తూ.